ఉప్పు కాపడం

రష్యా
17 నవంబర్ 2024

సిరిసిల్లల ఉన్న మా ప్రేమలతక్కకు, చలికి వేళ్లు వంకరపోయిన నీ తమ్ముడు నరేందర్ రాస్తున్నది.

ఫోన్ల మాట్లాడుదామంటే నీకు వినపడదాయె. ఇరవై ఏండ్లు సాంచాల పక్కన కూసోని కండెలు చుట్టి, చెవులు ఆ మరమగ్గాలకే అప్పజెప్పినవు. నాకేమో ఫోన్ల టైపు కొట్టరాదు. అందుకే కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్న. నువ్వు కూడ గట్లనే పంపు. అక్షరాలు కోడి గీకినట్టున్నయని తిట్టకు.

నేను, బావ మంచిగనే చేరినం. జగిత్యాల ఏజెంటు చెప్పిన గోదాం పని మాత్రం కాదు, ఊడ్చే పని. ఊడ్చేది చెత్త అనుకునేవు, మంచు. ఇక్కడ అయిదంతస్తుల బంగ్లాలు వరుసగ ఉంటయి. ఒక్కోదానికి ముందట మెట్లు, మెట్ల నుంచి రోడ్డు దాక సిమెంటు బాట. రాత్రి పడ్డ మంచును పొద్దున జనం తొక్కుతరు. తొక్కింది మధ్యాహ్నం కొంచెం కరిగి సాయంత్రానికి బిగుసుకుంటది. తెల్లారి దాని మీద ఇంకో పొర. నాలుగు రోజులు వదిలేస్తే జానెడు మందం ఐసు పేరుకుంటది, మెట్టు ఏదో జారుడుబండ ఏదో తెలవదు. ముసలోళ్లు పడి తుంటి విరగ్గొట్టుకుంటే కంపెనీ మీద కేసు. అందుకని మనలాంటోళ్లను తెచ్చుకున్నరు.

సామాను మూడే. ఒక రేకు పార, ఒక ఉప్పు బస్తా, ఒక గడ్డపార. గడ్డపార అంటే మన దాని లెక్క మొన తేలి ఉండదు, పైపు కొసకు గొడ్డలి అతికిచ్చినట్టు ఉంటది. బుగ్గారంల బాయిలు తవ్విన ఇంట్ల పుట్టినోన్ని, నాకు లెక్కలేదు. బావ సంగతే రాయాలె. మూడు స్వెటర్లు, మంకీ క్యాపు, దాని మీద నువ్విచ్చిన తువ్వాల చుట్టుకొని మొదటి రోజు మెట్లెక్కిండు. ఎక్కినోడు ఎక్కినట్టే జారి కింద కూసున్నడు. లేచి అటు ఇటు చూసి, "నరేందర్, ఇది మనుషులుండే జాగ కాదు, ఇంటికి పోదాం పా" అన్నడు. పనిల దిగి అప్పటికి నాలుగు గంటలు కాలేదు. గుంపంత ఒకటే నవ్వుడు.

మా ఎనమండుగురి మీద నన్నే మేస్త్రీని చేసిండ్రు. మస్కట్‌ల ఏడేండ్లు చేసిన అనుభవం పనికొచ్చింది. మీ వనిత నర్సింగు చదువు ఎట్ల నడుస్తున్నది? కోరుట్లల నీ మరదలు అఖిల ఒక్కతే ఉన్నది, వీలైతే ఒకసారి పోయి చూసి రా.

మంచు మేస్త్రి, నీ తమ్ముడు
నరేందర్


సిరిసిల్ల
28 నవంబర్ 2024

తమ్మీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. మీ బావ కింద కూసున్న కాడ నవ్వాపుకోలేక పోయిన, కండెలు చుట్టే ఆడోళ్లందరికి చదివి వినిపిచ్చిన. అంటే నేను చదివిన, వాళ్లు నా మూతి చూసిండ్రు.

నువ్వు కొత్తగ చూస్తున్నవు, నేను ఇరవై ఏండ్లుగ చూస్తున్న. భీవండి పంపితే పదకొండో రోజు కడుపునొప్పి అని బస్సు దిగిండు. ఆ నొప్పి వేములవాడ దాటంగనే తగ్గిందట. సూరత్ పంపితే నీళ్లు పడలేదని వచ్చిండు. హైదరాబాద్‌ల వాచ్‌మన్ పనికి పెడితే అక్కడ నిద్ర పడ్తలేదన్నడు. వచ్చుడు వచ్చి, గడప మీద కూసోని, పెండ్లికొడుకు లెక్క నవ్వుతడు. ఇల్లు ఇడిసి ఉండలేడు తమ్మీ, అదొక రోగం ఆయనకు. ఈసారి గూడ గట్లనే వస్తే వాడకట్టుల నేను తలెత్తుకోను. పోయేటప్పుడు చర్చిల అందరి ముందట ప్రార్థన చేపిచ్చి పంపిన. ఇప్పుడు కార్ఖానల ఆయన నడిపే సాంచాలు నెలకు పది దినాలు గూడ నడుస్తలేవు. వనిత చదువు ఇంక రెండేండ్లున్నది.

అందుకని ఒక్క మాట. ఆయన పాస్‌పోర్టు నీ దగ్గర పెట్టుకో. అడిగినా ఇయ్యకు, ఏడ్చినా ఇయ్యకు. బావ కదా అని మొహమాట పడకు. ఆయన మెత్తగ ఉంటడు గని మొండి. నువ్వు గట్టిగ ఉంటే లొంగుతడు.

అఖిల కాడికి పోయి వచ్చిన. బీడీలు చేసుకుంట మంచిగనే ఉన్నది. నువ్వు లేవని కొంచెం ఒళ్లు చేసింది.

మీ అక్క
ప్రేమలత


రష్యా
13 డిసెంబర్ 2024

అక్కా,

పాస్‌పోర్టు నా పెట్టెల ఉన్నది, తాళం నా మెడల ఉన్నది. ఇంక ఆ రంది విడువు.

ఈ ఐసు పనిల ఒక కిటుకున్నది. బలం కాదు, చెవి కావాలె. గడ్డపారతోటి మెల్లగ కొట్టుకుంట పోవాలె. మెట్టుకు గట్టిగ పట్టుకున్న కాడ టక్కుమంటది. లోపల వదిలిన కాడ డొల్ల సప్పుడు వస్తది. ఆ డొల్ల దొరికితే అంచు కింద గడ్డపార కొస పెట్టి లేపాలె, పలకకు పలక ఊడి వస్తది. కొన్నిసార్లు తలుపంత పలక లేస్తది, ఎంత సంబరమో. అడుగున మిగిలిన పలుచటి పొరకు ఉప్పు చల్లి, మెత్తబడ్డంక పారతోటి తోసెయ్యాలె. నీకు సప్పుళ్ల సంగతి రాస్తున్న చూడు, నా అంత తెలివైనోడు లేడు.

బావకు పది దినాలు నేర్పిన. రాలేదు. డొల్ల లేదు, గట్టి లేదు, అంతట ఒక్కతీరు బాదుతడు. మొన్న ఒక బంగ్లా ముందట మెట్టు అంచే పగలగొట్టిండు. పెద్ద సూపర్‌వైజరు ఆడమనిషి వచ్చి నన్ను కడిగిపారేసింది. నేను బావను వెనక నుంచి పిలుస్తనే ఉన్న, తిరిగి చూస్తే కద. నాలుగోసారి పోయి భుజం పట్టుకొని గుంజితే, "ఏమైంది" అని నవ్విండు. పని తప్పిచ్చుకునే నాటకమని అందరు అంటున్నరు. నాకు గూడ గట్లనే అనిపిస్తున్నది.

గడ్డపార గుంజుకొని ఆయనను ఉప్పు పనికి పెట్టిన. పొద్దంత మెట్ల మీద ఉప్పు చల్లుడు, కరిగిన బురద తోసుడు. తేలికే గని పాదాలు ఆ బురదలనే ఉంటయి. ఉప్పు కలిసిన నీళ్లు ఐసు కన్న ఎక్కువ సల్లగ ఉంటయట, గడ్డ మాత్రం కట్టవు. బూట్లు కారుతున్నయని రోజు పొద్దున చెప్తడు. అందరి బూట్లు కారుతున్నయి, ఎవరు చెప్తలేరు.

ఒక్కటి అడుగుత, కోపానికి రాకు. బావకు గూడ చెవులు మందమా?

మెట్ల కాడి నుంచి
నరేందర్


సిరిసిల్ల
27 డిసెంబర్ 2024

తమ్మీ,

క్రిస్మస్ మంచిగ అయింది. వనిత జగిత్యాల నుంచి వచ్చి రెండు రోజులుండి పోయింది.

మీ బావ చెవులకేం రోగం లేదు. నేను చెప్పింది ఆయనకు తెలవకపోవుడు ఇరవై ఏండ్లల ఒక్కనాడు లేదు. కార్ఖానల మేమందరం ఒకరి మూతి ఒకరు చూసుకొనే మాట్లాడుకుంటం, ఆ సప్పుడుల చెవులతోటి ఎవరికి పని? నువ్వు వెనక నుంచి పిలిస్తే పలకడంటే నాటకమే. భీవండిల కడుపునొప్పి కూడ గట్లనే మొదలైంది.

పండుగ నాడు వీడియో ఫోన్ చేసిండు. బుగ్గలు ఎర్రగ, నున్నగ ఉన్నయి. గీ వాడకట్టుల ఎండకు మాడిన మొకమేనా అనిపిచ్చింది. మంచి నీళ్లు, మంచి గాలి పడ్డట్టున్నయి. నేను ఆ మాటనే అన్న. ఆయన ముక్కు మీది నుంచి తువ్వాల జరిపి, పెదవులు నాకు కనబడేటట్టు మెల్లగ కదిలిచ్చిండు. "వస్త ప్రేమలతా, నేను ఉండలేను, వస్త." చదివిన. చదివి ఫోను మంచం మీద బోర్లేసిన. ఎంతసేపు మాట్లాడిండో ఏమో. మళ్ల తిప్పి చూస్తే ఇంక ఏం అంటలేడు, బూటు కాలు పైకి లేపి ఫోనుకు చూపిస్తున్నడు. కొత్త బూటు, బరువుగ ఉన్నది. మంచిగున్నదని చెయ్యి ఊపిన. నవ్విండు.

చిన్నపిల్లలను బడికి అలవాటు చేసినట్టే తమ్మీ. ఏడ్సినా తలుపు తియ్యొద్దు.

మీ అక్క
ప్రేమలత


రష్యా
7 జనవరి 2025

అక్కా,

తొందరగ రాస్తున్న, తొందరగ జవాబు పంపు.

బావ నాలుగు రోజుల నుంచి కుంటుతున్నడు. నిన్న సాక్సులు తీపిచ్చి చూసిన. ఎడమ కాలి వేళ్లు మైనం లెక్క తెల్లగున్నయి, ముట్టుకుంటే కట్టె లెక్క గట్టిగున్నయి. కుడి కాలుకు బొటనవేలు ఒక్కటే అట్లున్నది. మొదట్ల మస్తు మంట, పోటు అన్నడు. ఇప్పుడు ఏం తెలుస్తలేదంటున్నడు. నొప్పి లేదంటే మంచిదేనా?

దవాఖానకు తీస్కపోవాలంటే సూపర్‌వైజరుకు చెప్పాలె. చెప్తే పనికిరాని మనిషిని తెచ్చినవని నా మేస్త్రీ పని తీసేస్తది. ఈ నెలల మంచు ఎక్కువ, ఒక్క మనిషి తగ్గినా ఆయన మెట్లు మేమే చెయ్యాలె. రూముల మిగితా ఆరుగురు ఇప్పటికే సణుగుతున్నరు. బావేమో దవాఖాన అడుగుతలేడు. పాస్‌పోర్టే అడుగుతున్నడు. "కాలు సంగతి ఇంటికి పోయి చూసుకుంట, నువ్వు నన్ను పంపు" అంటడు. అందుకే నాకు అనుమానం.

ఏం చెయ్యమంటవో రాయి. నువ్వు ఎట్లంటే గట్ల.

నరేందర్


సిరిసిల్ల
8 జనవరి 2025

తమ్మీ,

పొద్దుగాల లేవంగనే చూసిన, వెంటనే రాస్తున్న.

నొప్పి పోయిందంటే తగ్గుముఖం పట్టినట్టే. చలికి నరాలు పట్టుకున్నయి, అంతే. కాపడం పెట్టు. దొడ్డుప్పు పెంకల పోసి చిటచిటలాడేదాక వేయించు. మెత్తటి గుడ్డల మూట కట్టి కాలికి పెట్టు. మాటిమాటికి తీస్తే పని చెయ్యదు, పాదానికి ఆనిచ్చి పైన గుడ్డ చుట్టి వదిలెయ్యి, ఆరేదాక ఉండనియ్యి. అవ్వకు మోకాళ్లు పట్టుకున్నప్పుడు నేనే పెట్టేదాన్ని, నీకు యాదికున్నది కద. మీ దగ్గర ఉప్పుకు కొదువ లేదు.

వనితను అడుగుదామనుకున్న, గని దానికి పరీక్షలు నడుస్తున్నయి. గింత దానికి దాన్నెందుకు బెదిరిచ్చుడు?

దవాఖాన వద్దు. ఒక్కసారి డాక్టరు చిట్టీ చేతికొస్తే దాన్ని పట్టుకొని విమానం ఎక్కుతడు, నాకు తెల్వదా.

అక్క


రష్యా
18 జనవరి 2025

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేసిన. కంపెనీ ఉప్పే రెండు గుప్పిళ్లు వేయించి మూటలు కట్టి, రెండు పాదాలకు చుట్టి, పైన తువ్వాల బిగిచ్చిన. కాలుతున్నదా బావా అని అడిగితే లేదన్నడు. నేను కిందికి వంటరూముకు పోయి తిని, గిన్నెలు కడుక్కొని, గంట తర్వాత వచ్చిన. అట్లనే పండుకొని పైకి చూస్తున్నడు. ఎట్లుందంటే మంచిగున్నదన్నడు. తెల్లారి సాక్సులు ఆయనే తొడుక్కున్నడు, నన్ను చూడనియ్యలేదు. పనికి వచ్చిండు.

వారం నుంచి పాస్‌పోర్టు అడుగుతలేడు. బూట్లు కారుతున్నయని గూడ అంటలేడు. నీ మందు పనిచేసినట్టుంది.

నరేందర్


సిరిసిల్ల
2 ఫిబ్రవరి 2025

తమ్మీ,

చూసినవా మరి. ఇరవై ఏండ్ల సంసారం ఊకెనే చెయ్యలేదు. ఆయన రోగం నాకు తెలుసు, దాని మందు గూడ నాకే తెలుసు. చర్చిల సాక్ష్యం చెప్పిన, మా ఆయన దూరదేశంల నిలదొక్కుకున్నడని. ఎప్పుడు ఆయనను ఎక్కిరిచ్చే సమ్మవ్వ గూడ ఆమెన్ అన్నది.

ఇంక కొంచెం గట్టి పని చెప్పు. ఉప్పు చల్లుడు ఆడోళ్ల పని, మళ్ల గడ్డపార ఇయ్యి. రెండో ఏడు గూడ అక్కడనే ఉంటే వనిత చదువు ఒడ్డున పడ్తది. నేను అడిగితే ఏమంటడో ఏమో గని, నువ్వు అడుగు. నీకు భయపడ్తడు.

సంతోషంగ ఉన్న
మీ అక్క ప్రేమలత


రష్యా
24 ఫిబ్రవరి 2025

అక్కా,

కూసోని చదువు.

ఈ నెల అయిదో తారీఖు బావ మెట్ల మీద పడిపోయిండు. ఒళ్లు పెనం లెక్క కాలుతున్నది. బూటు తీస్తే రూముల ఎవరు నిలబడలేకపోయిండ్రు. దవాఖానల ఎడమ పాదం సగం తీసేసిండ్రు, వేళ్లు, వేళ్ల ఎనుక భాగం. కుడి కాలు బొటనవేలు తీసిండ్రు. పాణానికి ముప్పు లేదన్నరు. నీకు చెప్పడానికి చెయ్యి రాక ఇన్ని రోజులు ఆగిన.

ఎట్లయిందో డాక్టరు దుబాసీని పెట్టి చెప్పిండు. చలికి వేళ్లు చచ్చుబడ్డది నిజమేనట. కాని ఆ మొదట్లనే తీస్కపోతే, గోరువెచ్చటి నీళ్లల పెట్టి, తడి తగలకుండ చూస్తే వేళ్లు చాలామట్టుకు మిగిలేవట. తర్వాత అయింది కాలుడట. స్పర్శ తెలవని పాదానికి ఎవరో వేడివేడిది కట్టి వదిలేసిండ్రు, తోలు లోపలిదాక కాలింది, ఆ పుండు ఉప్పుబురదల నానింది. ఎవడు చేసిండు ఈ పని అని అడిగిండు.

అక్కా, చేసింది నేను. రాసింది నువ్వు. నీ ఉత్తరం నా ఫోన్ల ఉన్నది. ఆరేదాక ఉండనియ్యి అని రాసినవు. నీ బిడ్డ నర్సు చదువుతున్నది, ఒక్క మాట అడగలేకపోయినవు.

ఇంకోటి. దుబాసీ మంచం ఎనుక నిలబడి ఎంత గట్టిగ అడిగినా పలకకపోతే చెవుల డాక్టరును పిలిచిండ్రు. బావకు సగం గూడ వినపడదట. ఏండ్ల కింద పోయినయట. డొల్ల సప్పుడు ఆయనకు ఎట్ల వినపడ్తది అక్కా? నేను గుంపు ముందట ఆయనను చెవిటోడని, నాటకాలోడని ఎన్నిసార్లు అన్ననో. ఒక్కసారి ఎదురుంగ నిలబడి మాట్లాడితే తెలిసేది. నువ్వు ఆయనతోటి ఇరవై ఏండ్లు ఉన్నవు, నీకన్న తెలవాలె కద.

వచ్చే నెల పన్నెండున పంపుతున్నరు. హైదరాబాద్‌ల చక్రాల కుర్చీతోటి తీసుకొస్తరు. పాస్‌పోర్టు నా చేతులతోటి ఇచ్చిన. ఆయన మెట్లు గూడ ఇప్పుడు నేనే చేస్తున్న.

నరేందర్


సిరిసిల్ల
30 మార్చి 2025

నరేందర్,

మీ బావ చేరిండు. పన్నెండు రాత్రి వనిత జగిత్యాల నుంచి వస్తే ఇద్దరం కారు మాట్లాడుకొని హైదరాబాద్ పోయినం. వనిత దారిల కట్లు విప్పి చూసింది. నా ఉత్తరం సంగతి నేనే చెప్పిన, దాచలేదు. అప్పటి నుంచి అది నాతోటి మాట్లాడుతలేదు. నా దిక్కు తిరగకుండనే పెదవులు కదుపుతది, ఏమంటుందో నాకు తెలవొద్దని.

నీ ఉత్తరానికి కోపం వచ్చింది. నేను రాస్తే నువ్వు గుడ్డిగ చేసినవా అని, మేస్త్రీ పని పోతదనే కద దవాఖానకు తీస్కపోలేదని, శాన రాసి చింపేసిన. చెవుల మాట నువ్వన్నది నిజం. ఆయన నా మూతి దిక్కే చూస్తడని తెలుసు. ప్రేమకు చూస్తడనుకున్న. ఇరవై ఏండ్లు గట్లనే అనుకున్న.

ఇప్పుడు రాసేది వేరే. ఇది నీకు చెప్పకుండ ఉండలేను, చెప్పినంక మన ఇద్దరికి నిద్ర ఉండదు.

మొన్న ఆదివారం ఇంట్ల ఎవరు లేరు. ఆయన ముందట కూసోని, "నా వల్లనే గిట్లయింది, కాపడం పెట్టుమన్నది నేనే" అని చెప్పిన. ఏడ్సిన. ఆయన ఏడ్వలేదు. "తెలుసు, నరేందర్ నీ ఉత్తరం చదివే ఉప్పు వేయించిండు" అన్నడు. మరి కాలినప్పుడు తెలవలేదా అన్న. కాలుకు తెలవలేదు గని వాసన వచ్చిందన్నడు. నువ్వు వంటరూముకు పోయినంక కొద్దిసేపటికే కమురు వాసన వచ్చిందట. మొదట కింద ఎవరో ఏదో మాడగొట్టిండ్రనుకున్నడట. తువ్వాల కాడికి వంగి చూసి, తన కాలేనని తెలుసుకున్నడట.

"చేతులు ఉన్నయి కద, విప్పుకోవచ్చు కద" అన్న.

"ఉన్నయి. ముడి మీద చెయ్యి గూడ పెట్టిన. మళ్ల తీసిన" అన్నడు. ఎందుకు అన్న. ఆయన నా పెదవులు చూసుకుంట, నాకు బాగ అర్థం కావాలని ఒక్కో మాట ఆపి ఆపి చెప్పిండు. "కాలు బాగైతే మీరిద్దరు నన్ను పంపరు. కాలితే పంపుతరు. ఒక వేలో రెండు వేళ్లో పోతయనుకున్న, గింత పోతదనుకోలే." ఆ తర్వాత దగ్గర దగ్గర నాలుగు వారాలు నీకు కాలు చూపియ్యకుండ బూటు తొడుక్కున్నది గూడ అందుకేనట. తొందరగ బాగు చేస్తరేమోనని భయపడ్డడట.

ఇంత బతిమిలాడినా తలుపు తియ్యకపోతే మనిషి గోడ పగలగొట్టుకొని వచ్చిండు నరేందర్. మనం ఆయనను గక్కడి దాక నూకినం.

నువ్వు ఇంకో ఏడు ఉంటవో, వస్తవో నీ ఇష్టం. వస్తే మాత్రం మా ఇంటికి రాకు. ఆయన ఏమనడు, చాయ్ తాగిపొమ్మంటడు, నేనే నీ మొకం చూడలేను. నా మొకమే నేను చూసుకుంటలేను.

కార్ఖానల ఆయన జాగల నన్ను పెట్టుకున్నరు, పొద్దున ఏడింటికి పోతున్న. ఆయనను లేపి, మొకం కడిగిచ్చి, గడప మీద కూసోబెట్టి పోవాలె. పోయే వచ్చేటోళ్లందరిని పేరు పెట్టి పలకరిస్తడు, కట్ల మీద ఈగలు వాలితే కొట్టుకుంట నవ్వుతడు. లగ్గమైనకాన్నుంచి ఇంత సంతోషంగ ఆయన ఎప్పుడు లేడు. అదే చూడలేకపోతున్న.

ప్రేమలత